డీఎన్ఏ డేటా నాదా, కంపెనీదా? నా అనుభవం

"బెంగళూరులో ఆఫీసు హెల్త్ క్యాంపులో డీఎన్ఏ టెస్టుకి ఉమ్మి ఇచ్చాను, ఆ డేటా ఎవరిది, తీసేయమంటే తీసేస్తారా" అని అడిగారు కదా. నాదీ ఇదే కథ.

2022లో, వైట్‌ఫీల్డ్ ఆఫీసులో. ఫ్రీ అన్నారు, ట్యూబులో ఉమ్మి, ట్యాబ్‌లో రెండు టిక్కులు, అంతే. రెండో టిక్కు పరిశోధనకు వాడుకోవచ్చని. వెనక క్యూ ఉంది, చదవలేదు. రిపోర్టులో కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ జన్యువులో ఒక కాపీ తేడాగా ఉందని వచ్చింది. మేం వైశ్యులం, మాలో ఇది కాస్త ఎక్కువే. రెండు కాపీలూ తేడాగా ఉన్నవాళ్లకి ఆపరేషన్‌లో కండరాల్ని సడలించే సక్సినైల్‌కోలిన్ ఇస్తే, నిమిషాల్లో దిగిపోవాల్సిన మందు గంటల తరబడి పనిచేసి, అంతసేపూ వెంటిలేటర్ మీదే ఉంచాల్సి రావచ్చు. అందరికీ పనికొస్తుంది కదా అని ఫ్యామిలీ గ్రూపులో పెట్టేశా. మా మేనత్త ఫోన్ చేసి, "పిల్లకి సంబంధాలు చూస్తున్నాంరా, ఇప్పుడే పెట్టాలా ఇది?" అని ఏడ్చినంత పని చేసింది. నిజమే, ఆవిడ ఏ టిక్కూ పెట్టలేదు. (తర్వాత అదే పిల్లకి అపెండిక్స్ ఆపరేషనప్పుడు "ఆ మందు పేరేంట్రా" అని నాకే ఫోన్ చేసింది, అది వేరే సంగతి.)

ఇక తీసేయడం. అకౌంటు వెంటనే మూసేశారు. మరి ఉమ్మి శాంపిల్? మూడు మెయిళ్లు పెడితే గానీ జవాబు రాలేదు. పరిశోధనకు ఇచ్చేసింది మాత్రం వెనక్కి రాదన్నారు.

2023 డేటా రక్షణ చట్టం ఇది ఎవరి ఆస్తి అన్న జోలికే పోదు. జన్యు డేటాకి అందులో ప్రత్యేక విభాగమూ లేదు. సమ్మతి వెనక్కి తీసుకునే హక్కు, చెరిపేయమని అడిగే హక్కు ఉన్నాయి, కానీ రూల్స్ 2025 నవంబరులో వచ్చాయి, ఈ హక్కులు అమల్లోకి రావడానికి అక్కడి నుంచి 18 నెలల గడువు. అమెరికాలో ట్వంటీ త్రీ అండ్ మీ అనే డీఎన్ఏ టెస్టుల కంపెనీని చూడండి: 2023లో దొంగలు పాత పాస్‌వర్డ్‌లతో దూరింది దాదాపు 14 వేల అకౌంట్లలోకే, బంధువుల్ని చూపించే ఫీచర్ వల్ల సుమారు 69 లక్షల మంది వివరాలు బయటపడ్డాయి. 2025లో ఆ కంపెనీ దివాలా తీసింది, డేటాతో సహా అమ్ముడుపోయింది.

అందుకే మెయిల్‌లో అకౌంటు, రా డేటా ఫైలు (టెస్టులో చదివిన డీఎన్ఏ వివరాలుండే ఫైలు), శాంపిల్, పరిశోధన సమ్మతి, నాలుగూ విడివిడిగా రాయండి. టెస్టు చేసిన ల్యాబు వేరేదైతే దాని పేరు కూడా అడగండి. ఫోన్‌లో మాత్రం మాట్లాడొద్దు, నేను మొదట అలాగే మోసపోయా.