చీమకుర్తి కార్మికులకు ఈఎస్ఐ క్లెయిమ్ ఎలా చెప్పాలంటే

తమ్ముడూ, ఒంగోలులో నీ దగ్గరికి వచ్చే చీమకుర్తి గ్రానైట్ కార్మికులు దెబ్బ తగిలిన వారానికే మళ్లీ పనిలోకి పోతున్నారని, ఎంత చెప్పినా వినడం లేదని రాశావు కదా. చట్టం పేరుతో మొదలుపెట్టకు. ఇల్లు ఎట్లా గడుస్తుందన్నదే వాళ్ల టెన్షన్, అందుకని ముందు డబ్బు సంగతి చెప్పు: ఈఎస్ఐలో (జీతంలోంచి చందా కట్టే ఉద్యోగుల ప్రభుత్వ బీమాలో) ఉన్నవాళ్లకు పనిలో దెబ్బ తగిలితే, డాక్టర్ రెస్ట్ రాసినన్నాళ్లూ జీతంలో సుమారు 90 శాతం వస్తుంది, దానికి ఇన్ని నెలలు చందా కట్టి ఉండాలన్న షరతు లేదు, చేరిన మొదటి రోజు దెబ్బ తగిలినా సరే. ఆ రెస్ట్ రోజుల్లో పనికి పోయి జీతం తీసుకుంటే మాత్రం ఆ రోజుల డబ్బు రాదు. ఇది రెండుసార్లు చెప్పు.

"ఇంట్లో జారిపడ్డానని చెప్పు, ఖర్చు మేం పెట్టుకుంటాం" అని యజమాని తరఫున ఎవరన్నా అంటే అస్సలు ఒప్పుకోవద్దను. ఆస్పత్రి చీటీలో ఆ ముక్క పడిందంటే తర్వాత అది పనిలో తగిలిన దెబ్బని నిరూపించడం చాలా కష్టం. ప్రమాదాల రిజిస్టర్‌లో వెంటనే రాయించాలి, చూసిన తోటివాళ్ల పేర్లు రాసి పెట్టుకోవాలి.

తిరిగి పనిలోకి పోయేది ఈఎస్ఐ డాక్టర్ ఫైనల్ సర్టిఫికెట్ ఇచ్చాకే. ఈ రెస్ట్ డబ్బు తీసుకుంటున్న రోజుల్లో ఉద్యోగంలోంచి తీసేయడానికి మామూలుగా చట్టం ఒప్పుకోదు, ఆ మాట వింటే సగం భయం పోతుంది. వేలు పోయినా, చేతి పట్టు తగ్గినా మెడికల్ బోర్డుకు (శాశ్వత నష్టం ఎంతో తేల్చే డాక్టర్ల బృందానికి) పంపమని అడగాలి, నష్టం శాతాన్ని బట్టి జీవితాంతం డబ్బు వస్తుంది. నెల జీతం 21,000 రూపాయలు దాటి ఈఎస్ఐలో లేనివాళ్లకు పరిహారం యజమానే కట్టాలి, వాళ్లను రెండేళ్ల లోపు క్లెయిమ్ వేయమను.