నొప్పి లేదంటే కాలు బాగున్నట్టు కాదు

ప్రశ్న: డాక్టరు గారూ, మాది రాయగడ. మా మావయ్యగారికి 66 ఏళ్లు. పేపరు మిల్లులో పనిచేసి రిటైరయ్యారు. 18 ఏళ్లుగా షుగరు ఉంది. ఈమధ్య నడుస్తూ ఉంటే ఎడమకాలి చెప్పు జారిపోయినా ఆయనకి తెలియడం లేదు. ఎవరైనా చెబితే వెనక్కి వెళ్లి తొడుక్కుంటున్నారు. బొటనవేలి మొదట్లో, అరికాలి వైపు ఆనికాయ ఉంది. అడిగితే నొప్పి లేదు, మంట లేదు అంటారు. మా మరిది బ్లేడుతో కోసేద్దాం అంటున్నాడు. మూడు నెలలకోసారి డాక్టరుకి చూపిస్తున్నాం. రిపోర్టు చూసి మందులు రాస్తారు గానీ కాళ్లు ఎప్పుడూ చూడలేదు. కాళ్లకి వేరే పరీక్షలు ఉంటాయా? చైత్రంలో మజ్జిగౌరమ్మ గుడికి చెప్పుల్లేకుండా నడిచి వెళ్తానని మొక్కుకున్నారు. వెళ్లనివ్వచ్చా?
– ఒక కోడలు, రాయగడ

జవాబు: ముందుగా ఆ బ్లేడు దాచేయండమ్మా. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైన సంగతి చెప్పు జారిపోవడం. కాలి నుంచి చెప్పు ఊడిపోయినా తెలియలేదంటే పాదంలో స్పర్శ తగ్గిపోయిందని గట్టిగా అనుమానించాలి. నొప్పి లేదని ఆయన నిజమే చెబుతున్నారు. నొప్పి తెలిపే నరాలే దెబ్బతిన్నాక నొప్పి ఎక్కణ్ణుంచి వస్తుంది? మనకైతే చెప్పులో చిన్న రాయి పడితే రెండడుగులు వేయకుండానే ఆగి దులుపుకుంటాం. ఆయన ఆ రాయి మీదే సాయంత్రం దాకా నడుస్తారు. బొబ్బ వస్తుంది, పగులుతుంది, చీము పడుతుంది. సాక్సుకి తడి అంటుకుందనో, గదిలో వాసన వస్తోందనో ఇంట్లోవాళ్లు గమనించాక నా దగ్గరికి వస్తారు. నేలమీద పడుకున్న మనిషి కాలివేలిని రాత్రి ఎలుక కొరికితే పొద్దున దుప్పటి మీద నెత్తురు చూసి తెలుసుకున్నవాళ్లు ఉన్నారు. మిమ్మల్ని భయపెట్టాలని రాయడం లేదు. ‘నొప్పి లేదు కదా’ అన్న ధీమా ఎంత ప్రమాదమో మీ ఇంట్లో అందరికీ తెలియాలని రాస్తున్నాను.

ఈ సంగతి వైద్యులు బాగా నేర్చుకున్నది కుష్ఠు రోగుల దగ్గర. వేలూరు సీఎంసీలో 1946 నుంచి పనిచేసిన సర్జన్ పాల్ బ్రాండ్, వాళ్ల పాదాలకి పుళ్లు పడేది స్పర్శ లేక అదేచోట మళ్లీ మళ్లీ ఒత్తిడి పడడం వల్లనేనని చూపించారు. ఆ పాఠమే తర్వాత షుగరు పాదానికీ పనికొచ్చింది. కుష్ఠు ఆస్పత్రుల్లో కుట్టే ఎంసీఆర్ అనే మెత్తటి రబ్బరు చెప్పులనే ఇప్పుడు షుగరు ఉన్నవాళ్లకీ ఇస్తున్నాం.

పరీక్షలు ఉన్నాయమ్మా, పెద్ద ఖర్చు కూడా కాదు. కుర్చీలో కూర్చోగానే రెండు చెప్పులూ, సాక్సులూ విప్పించాలి. సగం పరీక్ష కళ్లతోనే అయిపోతుంది. వేళ్ల సందుల్లో తెల్లగా నాని ఒరిసిపోయిందా, మడమ పగుళ్లు లోతుగా ఉన్నాయా, గోరు చర్మంలోకి దిగిందా, వేళ్లు కొక్కేల్లా వంగాయా, ఎముక ఎక్కడైనా పొడుచుకొచ్చిందా అని చూడాలి. ఆనికాయ ఉందంటే అక్కడ బరువు ఎక్కువ పడుతోందని అర్థం. దాని లోపల నల్లగానో ఎర్రగానో మచ్చ కనిపిస్తే కింద అప్పుడే పుండు మొదలై ఉండొచ్చు. దాన్ని చెక్కడం చేయి తిరిగినవాళ్లు, శుభ్రమైన పరికరంతో చేయాల్సిన పని. మందుల షాపులో దొరికే కార్న్ క్యాప్ కూడా అంటించకండి. అందులోని యాసిడ్ మంచి చర్మాన్నీ తినేస్తుంది, స్పర్శ లేని మనిషికి అది మండడం కూడా తెలియదు.

తర్వాత స్పర్శ చూస్తాం. 10 గ్రాముల మోనోఫిలమెంట్ అని ఒక నైలాన్ తీగ ఉంటుంది. అది వంగేదాకా ఒత్తితే సరిగ్గా 10 గ్రాముల ఒత్తిడి పడుతుంది. ముందు చేతి మీద తాకించి ‘ఇదిగో, ఇలా ఉంటుంది’ అని చూపించాలి. తర్వాత కళ్లు మూసుకోమని బొటనవేలి కొసన, అరికాలి ముందు భాగంలో అక్కడక్కడ ఆనించి అడగాలి. ఆనికాయ మీద ఒత్తకూడదు, అక్కడ చర్మం మందంగా ఉండి ఎవరికైనా తెలియదు. 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్కుని మోగించి బొటనవేలి ఎముక మీద పెట్టి అదురు తెలుస్తోందా అని కూడా అడుగుతాం.

ఆయనకి ఇంట్లో మీరే చేయగలిగిన పరీక్ష ఒకటుంది. ఇంగ్లండులోని ఇప్స్విచ్‌లో రూపొందించారు, 2011లో ప్రచురించారు. మావయ్యగారిని కళ్లు మూసుకోమనండి. ఒక్కో కాలికి బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు, ఈ మూడింటి కొసల్నీ మీ చూపుడువేలితో ఒకటి రెండు సెకన్లు సుతారంగా తాకండి. ఒత్తొద్దు, తట్టొద్దు, గిలిగింత పెట్టొద్దు. తాకినప్పుడల్లా ఏ కాలో చెప్పమనండి. మొత్తం 6 చోట్లలో 2 లేక అంతకంటే ఎక్కువ తెలియకపోతే స్పర్శ తగ్గినట్టే. కోడలు మావయ్య కాళ్లు పట్టుకుని చూడడం ఆయనకి మొహమాటంగా ఉంటే మీ ఆయనతో చేయించండి.

మూడోది రక్తప్రసరణ. పాదం పైభాగంలో ఒకచోట, లోపలి చీలమండ వెనక ఒకచోట నాడి తగలాలి. తగలకపోతే చేతికీ చీలమండకీ బీపీ చూసి పోలుస్తారు. చీలమండ బీపీని చేతి బీపీతో భాగిస్తే 0.9 కంటే తక్కువ వచ్చిందంటే రక్తనాళం పూడుకుంటోందని అర్థం. ఇక్కడొక మెలిక ఉంది. చాలాకాలంగా షుగరు ఉన్నవాళ్ల రక్తనాళాలు గట్టిపడి ఈ అంకె ఎక్కువగా చూపిస్తుంది. 1.3 దాటిందని సంతోషపడకూడదు, రక్తం ఎలా పారుతోందో చూపించే డాప్లర్ స్కాన్ కావాలి. దానికి కొరాపుట్ మెడికల్ కాలేజీకో, మన అలవాటు ప్రకారం రైలెక్కి విశాఖపట్నానికో వెళ్లొచ్చు.

మీ డాక్టరుని తప్పుపట్టడానికి రాయడం లేదు. ఉదయం ఓపీలో ఒక్కొక్కరికి దొరికే సమయం ఎంతో నాకు తెలుసు. కానీ పేరు పిలవకముందే మావయ్యగారి చెప్పులు విప్పించి ఉంచి, ‘పాదాలు కూడా చూడండి సార్’ అని నోరు తెరిచి అడగండి. జిల్లా ఆస్పత్రిలో షుగరు, బీపీ లాంటి జబ్బులు చూసే ఎన్‌సీడీ క్లినిక్‌లోనూ అడగొచ్చు. ఏ ఇబ్బందీ లేని పాదాన్ని ఏడాదికోసారి చూపిస్తే చాలు. స్పర్శ తగ్గడమో, ప్రసరణ తగ్గడమో ఏదో ఒకటే ఉంటే 6 నుంచి 12 నెలలకోసారి. స్పర్శ, ప్రసరణ రెండూ తగ్గినా, వాటిలో ఏదో ఒకటి తగ్గి పాదం ఆకారం కూడా మారినా 3 నుంచి 6 నెలలకోసారి. స్పర్శో ప్రసరణో తగ్గినవాళ్లకి ఇంతకుముందు పుండు పడి మానినా, వేలు తీసేసినా, కిడ్నీలు పూర్తిగా పాడైనా 1 నుంచి 3 నెలలకోసారి చూపించాలి. మావయ్యగారి సంగతి పరీక్షించాకే తెలుస్తుంది, ఈ వారంలోనే తీసుకెళ్లండి.

ఇక మొక్కు. నేనూ ఆ అమ్మవారిని నమ్మేదాన్నే. చైత్రం ఎండలో తారురోడ్డు మీద, గుడి బండల మీద స్పర్శ లేని పాదం కాలిపోతున్నా ఆయనకి తెలియదు. అందుకే ఖాళీ కాళ్లతో వద్దు. తెల్లవారుజామునే, వెనక పట్టీ ఉన్న చెప్పులతో వెళ్లమనండి. గుడి దగ్గర చెప్పులు విప్పాక శుభ్రమైన మందపాటి నూలు సాక్సులు వేసుకుని, బండ వేడెక్కకముందే దర్శనం చేసుకోమనండి. ఇంటికి రాగానే రెండు అరికాళ్లూ మీరు చూడండి.

ఒక పాదం రెండోదానికంటే వేడిగా, వాచి, ఎర్రగా ఉండి నొప్పి పెద్దగా లేకపోతే వాతమనో, బెణికిందనో నూనె రాసి మర్దనా చేయొద్దు. లోపల ఎముకలు విరిగి కుంగిపోతూ ఉండొచ్చు, మొదట్లో ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు కూడా. ఆ కాలు నేల మీద మోపనివ్వకుండా అదేరోజు ఆస్పత్రికి తీసుకెళ్లండి. చర్మం చిట్లినా, నల్లబడినా, ఎరుపు పాకుతున్నా అంతే.

ప్రశ్న: షుగరు వచ్చి పదేళ్లయింది, మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. రాత్రిళ్లు అరికాళ్లు మండుతున్నాయి. నరాల ఇంజెక్షన్లు చేయించుకుంటే చాలా?
– గుణుపురం పాఠకుడు

జవాబు: మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే కొందరిలో బి12 అనే విటమిన్ తగ్గుతుంది, నరాల ఇంజెక్షన్లలో ముఖ్యంగా ఉండేది అదే. రక్తపరీక్షలో అది తక్కువని తేలితే ఇంజెక్షన్ పనిచేస్తుంది, పరీక్ష లేకుండా వరసగా చేయించుకోకండి. మండే పాదంలో స్పర్శ కూడా తగ్గి ఉండొచ్చు, రెండూ కలిసి రావడం మామూలే. కాబట్టి పైన చెప్పిన పరీక్షలన్నీ మీకూ కావాలి. మంట చల్లారాలని ఐసు పెట్టడం, వేడినీళ్లలో కాళ్లు ముంచడం మాత్రం ఈరోజే మానేయండి.