మిగిలిన వాకీటాలను (మెక్సికో సముద్రంలో ఉండే, డాల్ఫిన్ లాంటి చిన్న జీవులు) పట్టి ఎక్కడైనా భద్రంగా పెంచలేరా?

ఆ పని చేసి చూశారు. 2017లో మెక్సికోలో ముందు ఒక పిల్లను పట్టారు, అది బాగా బెదిరిపోతుంటే వదిలేశారు. నవంబరులో పట్టిన ఆడ వాకీటా కొన్ని గంటల్లోనే చనిపోయింది. దాంతో ఆపేశారు, ఆపి మంచి పని చేశారు.

వాటి ప్రాణం తీస్తున్నది వల. ఈ మాట ఎన్నిసార్లు చదివినా నాకు బుర్రకెక్కలేదు. అమెరికాలోని శాన్ డియాగోలో పనిచేసే రోజుల్లో ఒకసారి మెక్సికో తీరంలోని శాన్ ఫెలిపే వెళ్లాను, వాకీటా తిరిగే నీళ్లనైనా చూద్దామని. ఒడ్డున ఒక పెద్దాయన పాత గిల్‌నెట్ (నీళ్లలో గోడలా నిలబెట్టే వల) పరుచుకుని కూర్చున్నాడు. పట్టుకుని చూడమని సైగ చేశాడు. నా చెయ్యి కంతలోంచి సులువుగా దూరింది. వెనక్కి తీయబోతే వాచీ చిక్కుకుంది. లాగినకొద్దీ దారం బిగుసుకుంది. పట్టపగలు, రెండో చెయ్యి ఖాళీగా ఉండి కూడా విడిపించుకోవడానికి చెమటలు పట్టాయి. వాకీటా ఒకటిన్నర మీటరు జీవి. ఊపిరికి పైకి రాకపోతే నీళ్లలోనే పోతుంది.

టోటోఆబా చేప కూడా ఇంచుమించు దానంతే పెరుగుతుంది. ఆ చేప గాలితిత్తికి చైనాలో విపరీతమైన ధర. దానికోసం దొంగచాటుగా వేసే వలల్లో వాకీటాలూ పడతాయి. 1997లో 567 ఉంటాయని అంచనా వేస్తే, 2024 సర్వేలో 6 నుంచి 8 మాత్రమే కనిపించాయి.

పెద్దాయన కొడుకుకి కాస్త ఇంగ్లీషు వచ్చు. "వల వేయొద్దంటారు, రేపు దేంతో వేటకెళ్లాలో మాత్రం చెప్పరు" అన్నాడు. నన్నడిగితే మొత్తం సమస్య ఇదే.

కాటుక దిద్దినట్టుండే వాకీటా కళ్ల ఫొటో షేర్ చేసి "అయ్యో" అనేసి వెళ్లిపోయేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. ఇన్ని తక్కువైతే ఎలాగూ జన్యులోపాలతో అంతరిస్తాయి అనేవాళ్లు ఇంకో రకం. వలల్లో పడి చావడం ఆగితే ఇవి కోలుకోగలవని 2022లో జన్యు పరిశోధనే చెప్పింది.

గిల్‌నెట్లపై నిషేధం 2015 నుంచీ ఉంది. కాగితం మీద. 2022లో మెక్సికో నౌకాదళం కొక్కేలున్న 193 కాంక్రీటు దిమ్మెలను అక్కడి సముద్రంలో దింపింది, వల వేస్తే వాటికి తగులుకుని పాడవుతుంది. ఆ నిషేధం కంటే ఈ దిమ్మెలే ఎక్కువ పని చేశాయని నా నమ్మకం. కానీ వాకీటాలు ఆ దిమ్మెలు దింపిన చోటు దాటి కూడా తిరుగుతున్నాయి. అవి తిరిగే చోటల్లా దింపాలి. ఆ అబ్బాయి చేతికి వాకీటా చిక్కని వల ఇచ్చి, అలవాటయ్యేదాకా తగ్గే రాబడిని ప్రభుత్వమే భరించాలి.