‘ఒక కూలీ’ అని ఎందుకు రాశావమ్మా?

అమ్మాయ్,

రాతి మీది అడుగుజాడల గురించి శాస్త్రవేత్తలు రాసుకున్న ఉత్తరాల మీద నీ వ్యాసం మంగళవారం అందింది. ఆ రాత్రి ఒకసారి, మర్నాడు పొద్దున ఇంకోసారి చదివాను. ఆదివారం తీరిగ్గా జవాబు రాద్దామనుకున్నాను గానీ, ఆరో పేజీలో ఒక్క వాక్యం నన్ను ఆగనివ్వలేదు. ‘ఒక కూలీ బండలు పరుస్తుండగా వాటి మీద పక్షి అడుగుల్లాంటి గుర్తులు కనిపించాయి’ అని రాశావు. అక్కణ్ణుంచి వ్యాసం చివరిదాకా ప్రొఫెసర్ల పేర్లే. వాళ్లు పుట్టిన ఏడూ, పోయిన ఏడూ, చదివిన కాలేజీ అన్నీ ఇచ్చావు. ముందుగా రాయిని చూసిన మనిషికి మాత్రం పేరు లేదు.

ఆయన పేరు డెక్స్టర్ మార్ష్. అమెరికాలో మసాచుసెట్స్‌లోని గ్రీన్‌ఫీల్డ్ ఊరివాడు. 1835లో కనెక్టికట్ నది అవతల మాంటేగ్ నుంచి తెచ్చిన ఇసుకరాతి బండల్ని నడకదారికి పరుస్తున్నప్పుడు, తడిమట్టి మీద టర్కీ కోడి నడిచి వెళ్లినట్టు మూడు వేళ్ల గుర్తులు కనబడ్డాయి. చూసి ఊరుకున్నవాడు కాదాయన. తర్వాతి సంవత్సరాల్లో తనే నది వెంట తిరిగి, బండలు తెచ్చి, ఇంటి దగ్గరే ప్రదర్శనశాల పెట్టాడు. 1853లో ఆయన పోయాక ఆ సేకరణను వేలం వేస్తే కాలేజీలూ శాస్త్ర సంఘాలూ కొనుక్కున్నాయి. ఇంత చేసిన మనిషిని నువ్వు ‘ఒక కూలీ’ అన్నావు. కూలిపని చేశాడు, నిజమే. ఆ గుర్తుల మీద వ్యాసం రాసిన ప్రొఫెసర్ హిచ్‌కాక్ కూడా పాఠాలు చెప్పి జీతం తీసుకున్నాడు. ఆయన్ని ‘ఒక జీతగాడు’ అని రాశావా?

నీ మీద కోపంతో ఈ మాట అనడం లేదు. ఇది నా పాత పుండు. ఎక్కడిదో తర్వాత చెబుతాను.

ముందు ఉత్తరాల సంగతి. గ్రీన్‌ఫీల్డ్‌లో జేమ్స్ డీన్ అనే డాక్టరు ఉండేవాడు. ఆయనకు నువ్వు ఒకే పేరా ఇచ్చావు. నిజానికి నీ వ్యాసానికి నడుం ఆయనే. ఆ బండల్ని చూసి, ఇవి ఊరికే పడ్డ గీతలు కావని నమ్మి, 1835 మార్చిలో ఆమ్హర్‌స్ట్ కాలేజీలో ఉన్న ఎడ్వర్డ్ హిచ్‌కాక్‌కు ఉత్తరం రాశాడు. హిచ్‌కాక్ మొదట నమ్మలేదు. రాళ్లలో అలాంటి ఆకారాలు వేరే కారణాలతోనూ ఏర్పడతాయన్నాడు. డీన్ పట్టు వదల్లేదు. మళ్లీ రాశాడు, గుర్తుల మీద ప్లాస్టర్ అచ్చు పోసి పంపాడు. ఇంకో అడుగు వేసి న్యూ హేవెన్‌లో శాస్త్ర పత్రిక నడుపుతున్న బెంజమిన్ సిల్లిమన్‌కు కూడా తను చూసింది రాసి పంపాడు.

సిల్లిమన్ దాన్ని అచ్చు వెయ్యలేదు. హిచ్‌కాక్ చూసి చెప్పేదాకా ఆగాడు. హిచ్‌కాక్ ఆ వేసవి అంతా లోయలోని క్వారీలు తిరిగాడు. 1836 జనవరిలో పత్రికలో ఆయన వ్యాసం వచ్చింది. ఏడు రకాల అడుగుజాడలు, వాటికి లాటిన్ పేర్లు, ఆ అధ్యయనానికి ఒక కొత్త శాస్త్రం పేరు. డీన్ తన దృష్టికి తెచ్చాడని అందులో ఒప్పుకున్నాడు కూడా. కానీ లోకం గుర్తు పెట్టుకున్నది ఎవరిని?

నువ్వు దీన్ని ‘శాస్త్రవేత్తల సహకారానికి చక్కని ఉదాహరణ’ అని రాశావు. ఆ వాక్యం కింద ఎర్రగీత గీశాను. సహకారమే అయితే 1844లో ఆ ఇద్దరూ అదే పత్రికలో ఒకరి మీద ఒకరు ఎందుకు రాసుకున్నారు? తొమ్మిదేళ్లు డీన్ ఆ మాట కడుపులో పెట్టుకున్నాడు. తనే క్వారీలు తిరిగాడు, బొమ్మలు గీశాడు, ఇంగ్లండుకు నమూనాలు పంపాడు, అక్కడివాళ్లు మెచ్చుకున్నారు. అప్పుడు గానీ, మొదట చెప్పింది నేనని అచ్చులో అనే ధైర్యం రాలేదు. హిచ్‌కాక్ వెంటనే తన జవాబు ఇచ్చాడు. చూడ్డం వేరు, శాస్త్రీయంగా పరీక్షించి నిర్ధారించడం వేరు అన్నది ఆయన వాదన. అందులో బలం లేదని నేననను. బలం ఉన్న వాదనే మనిషిని ఎక్కువ బాధపెడుతుంది.

ఇక్కడ నువ్వు వదిలేసిన ఇంకో సంగతి చెబుతాను. హిచ్‌కాక్ కుర్రవాడిగా ఉన్నప్పుడు ఒక ప్రచురణకర్త ఓడలు నడిపేవాళ్ల కోసం తను వేసిన నౌకా పంచాంగంలో తప్పు చూపిస్తే పది డాలర్లు ఇస్తానని ప్రకటించాడు. హిచ్‌కాక్ లెక్కలు వేసి పదుల కొద్దీ తప్పులు పట్టాడు. రాసి పంపితే జవాబు లేదు. చివరికి ఆ తప్పుల పట్టిక తనే ఒక మాసపత్రికలో అచ్చు వేయించాడు. పేరు దక్కకపోవడం ఎలా ఉంటుందో తెలిసిన మనిషే, డీన్ విషయంలో అవతలి గట్టున నిలబడ్డాడు. ఆయన్ని తిట్టమని చెప్పడం లేదు. ఈ రెండూ ఒకే మనిషివని నీ పాఠకుడికి తెలియాలి.

మరి సిల్లిమన్ ఎందుకు ఆగాడు? దానికి జవాబు 1818లో ఉంది. నువ్వు పత్రిక పుట్టుకను నాలుగు వాక్యాల్లో తేల్చేశావు. అంతకుముందు న్యూయార్కులో ఆర్చిబాల్డ్ బ్రూస్ ఖనిజాల మీద 1810లో ఒక పత్రిక మొదలుపెట్టాడు. ఒక్క సంపుటం నిండేసరికి నాలుగేళ్లు పట్టింది, అక్కడితో ఆగిపోయింది. ఖనిజాలు సేకరించే కర్నల్ గిబ్స్ పడవ ప్రయాణంలో సిల్లిమన్‌ను పట్టుకుని, ఇక నువ్వే మొదలుపెట్టాలని చెప్పాడు. జబ్బుగా ఉన్న బ్రూస్‌ను సిల్లిమన్ అడిగి, ఆయన సరేనన్నాకే ముందుకు కదిలాడు. బ్రూస్ 1818 ఫిబ్రవరిలో పోయాడు, జూలైలో కొత్త పత్రిక మొదటి సంచిక వచ్చింది. చందాదారులు చాలినంతమంది లేరు. ప్రచురణకర్తలు వెనక్కి తగ్గినప్పుడు సిల్లిమన్ తన సొంత పూచీ మీద నడిపాడు. ఏళ్ల తరబడి తన శ్రమకు కూలి కూడా గిట్టని పని అది. జనం ఆ పత్రికను దాని పేరుతో పిలవడం మానేసి ‘సిల్లిమన్ పత్రిక’ అన్నారు. ఇప్పటికీ వస్తోంది.

ఆ మొదటి సంపుటంలోనే హిచ్‌కాక్ వ్యాసం ఉంది. అప్పటికి ఆయన ప్రొఫెసర్ కాదు. గ్రీన్‌ఫీల్డ్ పక్కనే ఉన్న డీర్‌ఫీల్డ్‌లో బడిపంతులు, పాతికేళ్లవాడు. తమ ఊరి రాళ్లను పెట్టెలో పెట్టి, ఇవేమిటో చెప్పండని సిల్లిమన్‌కు ఉత్తరం రాసినవాడు. సిల్లిమన్ చెప్పాడు, రాయమన్నాడు, అచ్చు వేశాడు. 1835లో డీన్ కాగితం న్యూ హేవెన్‌లోని ఆ బల్ల మీదికి వచ్చేసరికి, హిచ్‌కాక్‌తో సిల్లిమన్‌ది దాదాపు ఇరవై ఏళ్ల ఉత్తరాల బంధం. తను చేరదీసిన మనిషి మాట కోసం ఆగాడు. ఇందులో దుర్మార్గం లేదు. అన్యాయం ఉంది. ఒక మంచి సంపాదకుడి చేతుల మీదుగా అది ఎలా జరుగుతుందో రాయగలిగితే నీ వ్యాసం నిలబడుతుంది.

నువ్వేమో కొవ్వొత్తి వెలుగులో సిల్లిమన్ కన్నీళ్లు తుడుచుకుంటున్నట్టు మొదలుపెట్టావు. ఎవరు చూశారు? శాస్త్ర వ్యాసమైనా సరే సినిమాలా తెర తీయాలని ఈ మధ్య అందరికీ ఎవరో నూరిపోస్తున్నారు. చెమ్మ లేని విషయానికి కన్నీళ్లు పూస్తున్నారు. ఇరవై ఏళ్లుగా నా దగ్గరికి వచ్చే చిత్తుప్రతుల్లో సగం ఒక వర్షంతోనో, ఒక దీపంతోనో మొదలవుతున్నాయి. ఆ పేరా తీసెయ్. బ్రూస్ పత్రిక ఆగిపోవడంతో మొదలుపెట్టు.

నీ రచనలో నన్ను కదిలించినది ఒకటుంది. లక్క ముద్ర చించి ఉత్తరం తెరిచినప్పుడు, ముద్ర అంటుకున్న చోట కాగితం ఊడి నాలుగక్షరాలు పోతాయనీ, ఈనాటికీ ఆ మాటలు ఎవరూ చదవలేరనీ రాశావు చూడు, అది బాగుంది. దాన్ని ఇంకా సాగదీయవచ్చు. అప్పట్లో కవరు వాడితే అదీ ఇంకో కాగితం కింద లెక్క, రేటు రెండింతలు. అందుకే రాసిన కాగితాన్నే మడిచి ముద్ర వేసేవారు. మైళ్లను బట్టి రేటు. ముప్పై మైళ్ల లోపు ఒక్క కాగితానికి 6 సెంట్లు, ఎనభై దాటి నూటయాభై లోపు 12½ సెంట్లు, నాలుగు వందల మైళ్లు దాటితే 25. 1845లో చట్టం మారేదాకా ఇదే పద్ధతి. మామూలుగా ఆ డబ్బు కట్టేది అందుకున్నవాడు. ఇప్పుడు ఆలోచించు. ముక్కూమొహం తెలియని ఊరి డాక్టరు రాసిన రెండో ఉత్తరానికీ, మూడో ఉత్తరానికీ ప్రొఫెసరు జేబులోంచి డబ్బు పోతుంది. ఆ సంగతి తెలిసే డీన్ మళ్లీ మళ్లీ రాశాడు. ఆ మొండితనం నీ పేజీల్లో కనిపించాలి.

ఉత్తరాల అనువాదం గురించి అడిగావు. గ్రాంథికం వద్దు. నీ చేతిలో డీన్, హిచ్‌కాక్, సిల్లిమన్ ముగ్గురూ ఒకే గొంతుతో ‘మహాశయా’ అంటున్నారు. డీన్ గ్రామ వైద్యుడు, హిచ్‌కాక్ కొన్నాళ్లు చర్చిలో పాస్టరుగా చేసినవాడు, సిల్లిమన్ వందలమంది ముందు ఉపన్యాసాలిచ్చే మనిషి. ముగ్గురి మర్యాదా మూడు రకాలు. మిగతా ప్రశ్నలకు ఇంకోసారి.

ఇక నా పుండు. నాకప్పుడు ఇరవై ఆరేళ్లు. వేంపల్లె దగ్గర క్వారీలో ఒకాయన నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి ఒక రాయి చూపించాడు. ఎర్రగడ్డను అడ్డంగా కోసినట్టు పొర మీద పొర, గుండ్రంగా. ‘ఇది రాయి కాదు సార్, ఏదో పెరిగింది’ అన్నాడు. ఆయన ఏనాడూ బడికి పోలేదు. అది స్ట్రొమాటొలైటు. వంద కోట్ల ఏళ్లకు పైబడిన కాలంలో, లోతు తక్కువ సముద్రంలో కంటికి కనబడని జీవులు కట్టిన పొరలు. పుస్తకంలో బొమ్మ చూసిన నాకంటే ముందు ఆయన, పెరిగింది అని కనిపెట్టాడు. నేను వ్యాసం రాసి, మొదటి పేరాలోనే ఆయన పేరు పెట్టి, అప్పట్లో బాగా నడుస్తున్న ఒక వారపత్రికకు పంపాను. అచ్చయి వచ్చింది. ఆయన పేరు ఉండాల్సిన చోట ‘స్థానికుల కథనం ప్రకారం’ అని ఉంది. వెళ్లి అడిగితే, పాఠకుడికి శాస్త్రవేత్త కావాలి గానీ రాళ్లు కొట్టేవాడు ఎందుకయ్యా అన్నారు. నేను నోరు మూసుకుని వచ్చాను. మళ్లీ అచ్చు వేయరేమోనన్న భయం.

సంచిక తీసుకెళ్లి ఆయనకిచ్చాను. ఐదో తరగతి చదివే కూతురు వ్యాసమంతా గట్టిగా చదివి వినిపించింది. పేరు రాలేదు. ఎక్కడో వదిలేసి ఉంటావు, మళ్లీ చదవమన్నాడు. ఆ పిల్ల మళ్లీ మొదటి నుంచి చదివింది. నేను అక్కడే నులక మంచం మీద కూర్చుని ఉన్నాను.

ఇరవై ఏళ్ల తర్వాత వ్యాసాలు పుస్తకంగా వేస్తున్నప్పుడు ఆ పేరు తిరిగి పెడదామని వాళ్ల ఊరు వెళ్లాను. ఆయన లేడు. కూతురు అంగన్‌వాడీలో పనిచేస్తోంది. విషయం చెప్పాను. ‘ఆయన ఉన్నప్పుడు వెయ్యలేదు గదా సార్. ఇప్పుడొద్దు’ అంది. ఆమె మాట దాటకూడదని నీకు రాసే ఈ ఉత్తరంలో కూడా ఆయన పేరు రాయడం లేదు. మొదటి అచ్చులో పడని పేరును తర్వాత ఎవరూ తిరిగి ఇవ్వలేరు. డీన్ 1858లో పోయాడు. ఆయన గీసిన అడుగుజాడల బొమ్మలతో పెద్ద పుస్తకం 1861లో వచ్చింది. దాన్ని ఆయన చూసుకోలేదు.

హిచ్‌కాక్‌ను ఒక్క విషయంలో నేను మెచ్చుకుంటాను. 1802 ప్రాంతంలో సౌత్ హాడ్లీలో ప్లైనీ మూడీ అనే కుర్రాడు పొలం దున్నుతుంటే అడుగుజాడలున్న రాయి బయటపడింది. ఇంటి గడపకు వేసుకున్నారు. నోవా ఓడలోని కాకి అడుగులివి అని ఊళ్లో చెప్పుకున్నారు. ఆ పిల్లాడి పేరు ఇవాళ మనకు తెలిసిందంటే హిచ్‌కాక్ దాన్ని కాగితం మీద పెట్టడం వల్లే. ఆ జాడలు పక్షులవి కావు, సుమారు 20 కోట్ల ఏళ్ల నాటి డైనోసార్లవి అని తర్వాత తేలింది. డైనోసార్ అనే మాటే 1842 దాకా లేదు. హిచ్‌కాక్ పెట్టిన పక్షి పేర్లు తప్పయ్యాయి, ప్లైనీ మూడీ పేరు తప్పు కాలేదు.

హిచ్‌కాక్ మసాచుసెట్స్ భూగర్భ సర్వే నివేదికలకు బొమ్మలు గీసింది ఆయన భార్య ఓర్రా వైట్. ఆమెను నువ్వు ‘సతీమణి సహకారంతో’ అన్నావు. అదీ దిద్దు.

కొత్త ప్రతిలో మార్ష్‌కు కనీసం ఒక పేజీ ఇవ్వు. బండలు పరిచేటప్పుడు ఏ వైపు పైకి వేస్తారో, గుర్తు ఎక్కడ కనబడుతుందో రాయాలంటే నువ్వు ఒకసారి బేతంచెర్ల వచ్చి నాపరాయి పరిచేవాళ్ల పక్కన ఒక పూట కూర్చోవాలి. రైలుంది. నేను స్టేషనుకు వస్తాను. నోటుబుక్కులో ముందు వాళ్ల పేర్లు రాసుకో, తర్వాతే ప్రశ్నలు అడుగు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు