టెక్ సందేహాలు: పాత స్టీల్ కూలర్‌కి బీర్ ట్యాప్ బిగించాలంటే

ప్రశ్న: గరాజ్ సేల్‌లో పాత కోల్‌మన్ స్టీల్ కూలర్ ఒకటి దొరికింది. ఎర్ర రంగు, మూత అంచుల్లో తుప్పు. బాగుచేసి, ట్యాప్ బిగించి, పార్కులో పార్టీలకు తీసుకెళ్లే బీర్ డిస్పెన్సర్‌గా మార్చాలని ఉంది. ఐస్ మోసే పని లేకుండా పెల్టియర్ మాడ్యూల్ (కరెంటు ఇస్తే ఒకవైపు చల్లబడే చిన్న పలక), బ్యాటరీ పెడితే సరిపోతుందా? (ఫ్రిస్కో, టెక్సస్ నుంచి ఒక పాఠకుడు)

పెల్టియర్ ఆలోచన మానుకోండి. ఎందుకో ఒక చిన్న లెక్క చెబుతుంది. 25 డిగ్రీల దగ్గరున్న 350 మిల్లీలీటర్ల బీరును 4 డిగ్రీలకు దించాలంటే అందులోంచి దాదాపు 31 కిలోజౌళ్ల వేడి తీసేయాలి. ట్యాప్ తిప్పితే గ్లాసు 10 సెకన్లలో నిండుతుంది. అంటే ఆ 10 సెకన్లపాటు మీకు 3 కిలోవాట్ల చల్లదనం కావాలి. మన ఇళ్లలో 1 టన్ను ఏసీ ఇచ్చేది 3.5 కిలోవాట్లు. బజార్లో ఎక్కువగా దొరికే టీఈసీ1-12706 పెల్టియర్ బ్యాటరీ నుంచి 60 వాట్ల వరకు లాగుతుంది. ఎండపూట దాని నుంచి 25 వాట్ల చల్లదనం వచ్చినా మంచిదే. ఆ లెక్కన ఒక్క గ్లాసుకు 20 నిమిషాలు పడుతుంది. 19 లీటర్ల కెగ్ (బీరు పీపా) మొత్తం చల్లబడాలంటే 18 గంటలు దాటుతుంది.

అదే ఐస్ అయితే కిలో కరిగేలోపు 334 కిలోజౌళ్లు పీల్చుకుంటుంది. గ్లాసుకు 100 గ్రాములు కూడా పట్టదు. 19 లీటర్లకు లెక్క ప్రకారం 5 కిలోలు చాలు. పెట్టె గోడల్లోంచి వచ్చే వేడి, మూత తీసి మూసినప్పుడు పోయేది కలుపుకుంటే 10 కిలోలు పెట్టుకోండి. పది పౌన్ల బ్యాగులు రెండు, ఎండ మండిపోతుంటే మూడు. బ్యాటరీ, ఫ్యాన్, హీట్‌సింక్ అన్నీ కలిపి మోసే బరువుతో పోలిస్తే ఇదేమంత ఎక్కువ కాదు.

మీరు చేయబోయేదాన్ని అమెరికాలో జాకీ బాక్స్ అంటారు. కెగ్ బయటే ఉంటుంది. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ బీరును ట్యూబులోకి తోస్తుంది. ఆ బీరు కూలర్ లోపల చుట్టలుగా ఉన్న స్టెయిన్‌లెస్ స్టీల్ కాయిల్ గుండా పోయి, ముందువైపు ట్యాప్‌లోంచి వస్తుంది. కాయిల్స్ 50 అడుగుల నుంచి 120 అడుగుల దాకా ఉంటాయి. 120 అడుగులది తీసుకోండి. దాని కడుపులోనే దాదాపు లీటరు బీరు ఎప్పుడూ చల్లబడి సిద్ధంగా ఉంటుంది కాబట్టి, వరసగా రెండు మూడు గ్లాసులు పట్టినా చల్లగానే వస్తాయి.

కాయిల్ వాడేటప్పుడు ఐస్‌తో పాటు నీళ్లు కూడా పోయాలి. ఉత్త ఐస్ గడ్డలు ట్యూబును అక్కడక్కడా మాత్రమే తాకుతాయి, మిగతాదంతా గాలి. నీళ్లు పోస్తే చుట్టూ అంటుకుని వేడి లాగేస్తాయి. కాయిల్‌కు బదులు కోల్డ్ ప్లేట్ అనే అల్యూమినియం దిమ్మ కొంటే పద్ధతి తిరగబడుతుంది: దానిమీద ఐస్ నేరుగా ఆనాలి, కరిగిన నీళ్లు ఎప్పటికప్పుడు బయటికి పోవాలి, కెగ్ కూడా ముందే చల్లగా ఉండాలి. మీ అవసరానికి కాయిలే నయం. కుల్ఫీ బండివాళ్లలా ఐస్‌లో ఉప్పు మాత్రం వేయకండి. 5 శాతం ఆల్కహాల్ ఉన్న బీరు మైనస్ 2 డిగ్రీల ప్రాంతంలో గడ్డకడుతుంది, కాయిల్ మూసుకుపోతుంది. పైగా ఉప్పునీళ్లు మీ పాత పెట్టెను తినేస్తాయి.

ఇక పెట్టె సంగతి. కోల్‌మన్ కంపెనీ కాన్సాస్‌లోని విచిటాలో లాంతర్లు చేసి పేరు తెచ్చుకుంది. 1954లో గాల్వనైజ్డ్ స్టీల్ కూలర్ తెచ్చింది, 1957లో లైనర్‌ను, అంటే పెట్టె లోపలి తొడుగును, ప్లాస్టిక్‌తో చేసే పద్ధతి కనిపెట్టింది. మీ పెట్టె లోపల అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకుని, పైన పువ్వుల్లాంటి మెరుపు మరకలు కనిపిస్తే అది జింక్ పూసిన స్టీలు. దానిమీద వెనిగర్, సిట్రిక్ యాసిడ్ లాంటివి వేయకండి, తుప్పుతో పాటు జింక్ పూత కూడా పోతుంది. రాత్రంతా నీళ్లు నింపి, పాత పేపర్ల మీద పెట్టి వదిలేయండి. పొద్దునకి పేపర్ తడిస్తే లైనర్‌కి చిల్లు ఉన్నట్టే. నీళ్లలో వాడే ఎపాక్సీతో పూడ్చండి.

బయటి పెయింట్ దగ్గర తొందరపడకండి. అమెరికాలో ఇళ్లకు, వాడుక వస్తువులకు సీసం కలిసిన పెయింట్‌ను 1978లో నిషేధించారు. అంతకు ముందటి పెట్టె అయితే సీసం ఉందనే అనుకుని పని మొదలుపెట్టండి. హార్డ్‌వేర్ షాపులో దొరికే టెస్ట్ స్వాబ్‌తో చూసుకోండి. పొడి శాండ్‌పేపర్‌తో రుద్ది దుమ్ము లేపకండి, తడి శాండ్‌పేపర్ వాడండి. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. నన్నడిగితే పెయింట్ మొత్తం తీసేయాల్సిన పనేలేదు. తుప్పు పట్టిన మూత అంచులు మాత్రం శుభ్రం చేసి, ప్రైమర్ కొట్టి, రంగు కలిపితే చాలు. ఆ గీతలు, వెలిసిన ఎరుపు ఉంటేనే పెట్టెకు అందం. ముందున్న కంపెనీ గుర్తు మీద రంధ్రం పడకుండా చూడండి, ఆ రేకు మళ్లీ దొరకదు.

అన్నిటికన్నా జాగ్రత్తగా చేయాల్సింది రంధ్రమే. ట్యాప్‌ను గోడకు పట్టి ఉంచే గొట్టాన్ని షాంక్ అంటారు. దానికి 7/8 నుంచి 1 అంగుళం రంధ్రం కావాలి, కొన్న షాంక్‌ను కొలిచాకే డ్రిల్ పట్టండి. రంధ్రం పడేచోట మాస్కింగ్ టేప్ అంటించి, మెట్లు మెట్లుగా ఉండే స్టెప్ బిట్‌తో నెమ్మదిగా తొలవండి. రేకు పలచన, వెనక ఇన్సులేషన్ మెత్తన. నేరుగా నట్టు బిగిస్తే గోడ లోపలికి నొక్కుకుపోతుంది. గోడ మందానికి సరిగ్గా కోసిన పీవీసీ పైపు ముక్కను రంధ్రంలో దూర్చి, దానిలోంచి షాంక్ పెట్టి బిగించండి. కోసిన అంచులకు జింక్ ప్రైమర్ పూసి, చుట్టూ సిలికోన్ వేయండి. లేకపోతే ఏడాది తిరక్కుండా అక్కడే తుప్పు మొదలవుతుంది.

డబ్బు ఆదా చేయకూడని చోటు ఒకటుంది. షాంక్, ట్యాప్ రెండూ 304 స్టెయిన్‌లెస్ స్టీలువే కొనండి. క్రోమ్ పూసిన ఇత్తడివి చవక. కానీ బీరు పుల్లటి ద్రవం, పూత లేచిపోయాక ఇత్తడిలో ఉండే సీసం అందులోకి దిగుతుంది.

ప్రెషర్ విషయానికొస్తే, 120 అడుగుల కాయిల్‌కి 30 నుంచి 35 పీఎస్‌ఐ (ప్రెషర్ కొలత) కావాలి. ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టుకునే కెగ్‌కి ఇచ్చేదానికి ఇది రెండు రెట్ల పైమాటే, కంగారుపడకండి. ట్యాప్ ఎప్పుడూ పూర్తిగా తెరవండి. సగం తెరిస్తే నురగే వస్తుంది. పార్టీ అయిపోయాక బీరు మిగిలితే ప్రెషర్ తగ్గించి, కెగ్‌లో గ్యాస్ కొంచెం బయటికి పోనివ్వండి. చల్లటి కెగ్‌ను అంత ప్రెషర్‌లో వదిలేస్తే రెండో రోజుకి గ్యాస్ మరీ ఎక్కువైపోతుంది.

సిలిండర్‌లో 21 డిగ్రీల దగ్గరే ప్రెషర్ సుమారు 850 పీఎస్‌ఐ ఉంటుంది. టెక్సస్ ఎండలో పార్క్ చేసిన కారులో వదిలితే అది బాగా పెరిగి సేఫ్టీ డిస్క్ పగిలిపోవచ్చు, గ్యాసంతా కారులో నిండొచ్చు. నిలబెట్టి కట్టండి, అద్దాలు కొంచెం దించి ప్రయాణం చేయండి, చేరగానే దించేయండి.

ఇంటికొచ్చిన రోజే కాయిల్ కడగాలి, మర్నాటికి వాయిదా వేయకండి. నీళ్లు పంపి, తర్వాత బీర్ లైన్ క్లీనర్ పంపి, మళ్లీ నీళ్లు పంపి, చివర్లో గ్యాస్‌తో ఊదేసి పూర్తిగా ఖాళీ చేయండి. క్లీనర్ లైనర్ మీద ఒలికితే వెంటనే కడిగేయండి, అది జింక్‌కు పడదు.

ప్రశ్న: ఇలాంటి పెట్టెకే ఈఎస్‌పి32 (వైఫై ఉన్న చిన్న కంప్యూటర్ బోర్డు) పెట్టి, కెగ్‌లో ఎంత మిగిలిందో ఫోన్‌లో చూడొచ్చా? ఫ్లో మీటర్ ఏది మంచిది?

చూడొచ్చు. ఫ్లో మీటర్ మాత్రం వద్దు. నురగ వచ్చినప్పుడు దాని చక్రం ఊరికే తిరిగి తప్పు లెక్క చూపిస్తుంది, పైగా కడగడానికి ఇంకో ఇరుకు మూల తయారవుతుంది. కెగ్ కింద బరువు కొలిచే 50 కిలోల లోడ్ సెల్స్ నాలుగు, వాటి కొలతను ఈఎస్‌పి32కి అందించే హెచ్‌ఎక్స్711 బోర్డు పెట్టండి. ఖాళీ కెగ్ బరువు తీసేస్తే కిలోకి సుమారు లీటరు. ఐస్ నీళ్ల వేడిమికి స్టీలు తొడుగున్న డీఎస్18బీ20 సెన్సర్ చాలు, 4.7 కిలోఓమ్ రెసిస్టర్ మరిచిపోకండి. ఈఎస్‌పి32 కోసం ఉన్న ఈఎస్‌పీహోమ్ అనే సాఫ్ట్‌వేర్‌లో రెండింటికీ సపోర్ట్ ఉంది, కోడ్ రాయక్కర్లేదు. పార్కులో వైఫై ఉండదు కాబట్టి బోర్డునే యాక్సెస్ పాయింట్‌గా (సొంత వైఫై ఇచ్చేలా) పెట్టి, అందులోని వెబ్ పేజీ ఫోన్‌లో తెరవండి.

ప్రశ్న: మా కాలనీ చలివేంద్రంలో ఇదే పద్ధతిలో మజ్జిగ ఇవ్వొచ్చా? (విజయవాడ)

మజ్జిగ వద్దండీ. అల్లం, కరివేపాకు తుంపులు కాయిల్‌లో ఇరుక్కుంటాయి, పాల పదార్థం లోపల పేరుకుంటే కడగడం చాలా కష్టం. మజ్జిగకు వెడల్పు ట్యాపున్న స్టీలు క్యాను ఐస్‌లో కూర్చోబెట్టడమే మేలు.

మంచినీళ్లకు మాత్రం ఇది చాలా మంచి ఏర్పాటు, నిజంగా చేయమని అడుగుతున్నాను. మన ఊళ్లలో ఐస్ ఫ్యాక్టరీ దిమ్మల్లో చాలావరకు చేపలకు, సరుకులకు వాడేవే, తాగే నీళ్లలో వేయాల్సినవి కావు. చాలాచోట్ల వాటినే పగలగొట్టి నీళ్లలో వేసేస్తున్నారు. కాయిల్ ఉంటే ఐస్ బయట, నీళ్లు లోపల, రెండూ కలవవు. గ్యాస్ అక్కర్లేదు. 20 లీటర్ల వాటర్ క్యాన్, 12 వోల్టుల ఫుడ్ గ్రేడ్ డయాఫ్రమ్ పంపు, 50 అడుగుల కాయిల్ సరిపోతాయి. ట్యాప్ మూయగానే ఆగిపోయేలా ప్రెషర్ స్విచ్ ఉన్న పంపు తీసుకోండి. పెట్టె ఏదైనా పర్వాలేదు, మూత గట్టిగా పడితే చాలు. కరిగిన నీళ్లు బయటికి పోయే గొట్టాన్ని మాత్రం జనం గ్లాసులు పట్టే వైపు పెట్టకండి. అవి తాగే నీళ్లనుకుని పిల్లలు పట్టుకుంటారు.