గుమ్మడి పిందెలు రాలిపోతుంటే

అక్కా, రాజాంలో మీ పెరటి గుమ్మడి పాదు ఏపుగా పాకుతోందని, పిందె మాత్రం నిమ్మకాయంత కాగానే పసుపు తిరిగి రాలిపోతోందని రాశారు. యూరియా మళ్లీ వేయాలా అని అడిగారు. వద్దు, దయచేసి వేయకండి. ఆకు బాగానే ఉందంటే నత్రజని సరిపోయినట్టే. ఎక్కువైతే తీగే పెరుగుతుంది, కాయ నిలవదు.

నాకు తోచింది పుప్పొడి అందకపోవడం. పువ్వు తెల్లవారుజామున విచ్చి, ఎండెక్కేసరికి ముడుచుకుపోతుంది. ఈ చలి రోజుల్లో పొద్దున్నే మంచు పట్టి ఉంటే తేనెటీగలు ఆ వేళకు రావు.

మగపువ్వు పుప్పొడిని ఆడపువ్వుకు చేర్చే ఆ తేనెటీగల పని మీరే చేయండి. పువ్వు కింద చిన్న ఉండలా పిందె ఉంటే అది ఆడది. సన్నటి పొడుగు కాడ మీద, పిందె లేకుండా పూసేది మగది. ఏడు గంటల లోపే అప్పుడే విచ్చిన మగపువ్వు కోసి, రేకులు తీసేయండి. మధ్య కాడకున్న పసుపు పొడి వేలికి అంటుతోందా చూసి, ఆడపువ్వు నడుమ జిగురుగా ఉండే ముద్దకు అన్ని వైపులా మెల్లగా రాయండి. అంటుకుంటే నాలుగైదు రోజుల్లో పిందె ఊరుతుంది.

మొదట్లో మగపువ్వులే పూస్తాయి, దానికి టెన్షన్ పడకండి. పిందె మీద సూది గుచ్చినట్టు మచ్చ, బంక కనిపిస్తే మాత్రం అది పండు ఈగ. అలాంటివి పాదు దగ్గర పడేయకుండా లోతుగా పాతిపెట్టి, మంచి పిందెలకు కాగితం సంచి తొడగండి. బలానికి బాగా మాగిన గెత్తం (పశువుల ఎరువు) చాలు.