గీత కింద అంకె

ప్రశ్న: 2024లో తెలుగుదేశానికే 135 సీట్లు వచ్చాయి. మెజారిటీకి 88 చాలు కదా, మరి జనసేన, బీజేపీలకు మంత్రి పదవులు ఎందుకిచ్చారండీ? మా ఇంట్లో రోజూ ఇదే వాదన.
– ఓ పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అమ్మా, జూన్ 4న ఫలితాలొచ్చిన సాయంత్రం విజయవాడలో మా వీధి టీ కొట్టు దగ్గరా ఇదే లెక్క. ఒకాయన పేపరు అంచు మీద 135, 21, 8 అని ఒకదాని కింద ఒకటి వేసి, గీత గీసి 164 అని రాశాడు. ఆ గీత కింద అంకెనే చూడాలి. మూడు పార్టీలూ ఎన్నికలకు ముందే సీట్లు పంచుకున్నాయి. కాబట్టి ఆ 135లో మిత్రుల ఓట్లూ కలిసే ఉన్నాయి. ఊరూరా కలిసి జెండాలు మోసిన కుర్రాళ్లను గెలిచాక పక్కన పెడితే అది అన్యాయమే అంటాను నేను.

జూన్ 11న మూడు పార్టీల ఎమ్మెల్యేలు విజయవాడలో ఒకేచోట కూర్చున్నారు. పవన్ కల్యాణ్ చంద్రబాబు పేరు ప్రతిపాదించారు. మర్నాడు గన్నవరం దగ్గర కేసరపల్లిలో ప్రమాణం.

పదవులకు హద్దు కూడా ఉందమ్మా. 2003 నాటి 91వ రాజ్యాంగ సవరణ ప్రకారం మంత్రులు సభలో 15 శాతం మించకూడదు. 175 మందికి లెక్కేస్తే ముఖ్యమంత్రితో కలిపి 26. ఆ రోజు ప్రమాణం చేసింది 25 మంది. జనసేన నుంచి ముగ్గురు, బీజేపీ నుంచి ఒకరు.